సింహపురి సీమ చదువరులు

కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ పరిశోధన గ్రంథమునకు ‘ఆంధ్ర కవుల చరిత్రము’ అని పేరిడిన నాటినుండి నేటివరకును మన సాహిత్య చరిత్రలు కవి యెవరు, అతని కాలమేది, కృతిని గైకొన్న ప్రభువెవరు అను ప్రశ్నల చుట్టునే తిరుగుచున్నవి గాని, ఆ కృతిని చదివినవారెవరు, చదువనేరక చెవియొగ్గి విన్నవారెవరు, విని యిండ్లకు మరలిన పిదప వారి బ్రతుకులలో నేమి మార్పు కలిగెను అను ప్రశ్నలను అరుదుగా మాత్రమే తడవినవి. కవికి అవతారికలు సాక్ష్యమిచ్చును, శాసనములు సాక్ష్యమిచ్చును. చదువరి పక్షమున పలుకువారు లేరు. అయినను ఓపికతో వెదకినచో చదువరి జాడలు దొరకకపోవు. ఉత్తరమున గుడ్లూరు, కందుకూరులు మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు వరకు బంగాళాఖాతపు టొడ్డున పరచుకొన్న నెల్లూరు సీమయందు ఆ జాడలు ఏడువందల యేండ్లుగా కనబడుచున్నవి. వానిలో మిక్కిలి స్పష్టమైనది మన కనుల యెదుటనే, 1991, 1992 సంవత్సరములలో ఏర్పడినది.

13వ శతాబ్దమున నెల్లూరునకు విక్రమసింహపురి యని పేరు. తెలుగు చోడ వంశజుడైన మనుమసిద్ధి యచట ఏలుచుండగా, ఆయనకు మంత్రియు ఆస్థానకవియునై, యజ్ఞము చేసి సోమయాజి యనిపించుకొన్న తిక్కన మొదట నిర్వచనోత్తర రామాయణమును రచించి రాజునకే అంకితమిచ్చెను. పిమ్మట భారతమునకు పూనుకొని, నన్నయ నడుమ విడిచిన అరణ్యపర్వమును తాకక, విరాటపర్వము మొదలు తుదివరకు 15 పర్వములను తెలుగు చేసి, ఆ మహాకృతిని ఏ ప్రభువునకును గాక హరిహరనాథునకు సమర్పించెను. శైవులును వైష్ణవులును పరస్పరము ద్వేషించుకొనుచుండిన ఆ దినములలో హరియు హరుడును ఒక్కటే యైన దైవమును కృతిపతిగా నెన్నుకొనుట మతసామరస్యమునకై చేసిన పని యని విమర్శకులందరును చెప్పుదురు. అది నిజమే. కాని నాకు తోచునది మరియొకటి కలదు. కృతిపతి మారుటతో శ్రోతయు మారెను. ఒక రాజు కొలువున రాజు మెప్పునకై వినిపింపబడు గ్రంథము వేరు. ఏ గుడి మండపమందైనను, ఏ రచ్చబండ కడనైనను, శివుని కొలుచువారును విష్ణుని కొలుచువారును పక్కపక్కన కూర్చుండి వినదగిన గ్రంథము వేరు. తిక్కన రెండవదానిని కోరెను.

ఆ కోరికకు తగినట్లే ఆయన శైలియు నడచినది. కీచకునిచే అవమానము పొందిన ద్రౌపది నడిరేయి వంటశాలలో నిద్రించుచున్న భీముని లేపి తన గోడు చెప్పుకొను ఘట్టమునందు గాని, రాయబారమునకు బయలుదేరు కృష్ణునియెదుట పాండవులొక్కొక్కరును తమ మనసు విప్పు ఘట్టమునందు గాని, కవి తాను వర్ణించుట తగ్గించి పాత్రలనే మాటలాడనిచ్చును. మాటలాడు తీరు మనిషి మనిషికిని మారును; ధర్మరాజు పలుకులలో సంశయము, భీముని పలుకులలో ఎత్తిపొడుపు, ద్రౌపది పలుకులలో కన్నీటి నడుమ కత్తివాదర. నాటకీయతయని పండితులు దీనికి పేరు పెట్టిరి. పేరేదైనను దాని ఫలమొక్కటే: అక్షరము రాని రైతునకు, గొల్లకు, వంట యింటి గుమ్మము దాటని ఇల్లాలికి, వినిన వెంటనే ఆ మనుష్యులు తమ వాడలోనివారే యనిపింతురు.

తాటాకు ప్రతులు చేతబట్టి చదువగలవారు ఆనాడు ఊరికొకరో యిద్దరో యుండిన యుందురు. అంతమాత్రమున భారతమునకు పాఠకులు తక్కువయని తలచుట పొరపాటు. ఒకరు పద్యము చదువగా వేరొకరు అర్థము చెప్పుచు, రాత్రుల తరబడి సాగు పురాణ కాలక్షేపములే మన పూర్వుల పఠన మందిరములు. నెల్లూరునకు దక్షిణముగా చిత్తూరు, తిరుపతి సీమలలో ద్రౌపదికిని ధర్మరాజునకును గుడులు కట్టి, ఏటేట భారత ఉత్సవములు చేయుదురు. పగలు హరికథగా భారతము వినిపించుట, రాత్రి వీథినాటకముగా దానినే యాడుట. పాశుపతమునకై తపము చేయు అర్జునుడుగా ఒకడు నిట్టనిలువు మ్రానునెక్కుట. కడపటి దినమున మట్టితో నేలపై మలచిన దుర్యోధనుని భారీ విగ్రహము తొడను భీమ వేషధారి గదతో కొట్టుట. ఆ పిమ్మట అగ్నిగుండము త్రొక్కుట. పుస్తకము నుండి బయలుదేరిన కథ ఈ విధముగా ఊరివారి శరీరములలోనికి దిగినది. కావ్య ప్రభావమనగా ఏమో తెలియగోరువారు ఆ ఉత్సవములలో నొకదానిని ఆసాంతము చూచుట మేలు.

అయితే చదువరులందరును ఒకే కథను ఒకే వైపు నుండి వినరు. ఇందులకు నెల్లూరు సీమయందున్నంత చక్కని నిదర్శనము మరియొక చోట నాకు కనబడలేదు. తిక్కన కవికి పెదతండ్రి కుమారుడైన ఖడ్గతిక్కన మనుమసిద్ధికి సేనానాయకుడు. కరవు కాలమున మందలు తోలుకొని నెల్లూరు రాజ్యపు బీళ్ళకు వచ్చిన గొల్లల నాయకుడు కాటమరాజు, మేపునకు పుల్లరిగా కోడెదూడల నిచ్చుటకు ఒడంబడెననియు, తరువాత పుల్లరి విషయమై తగవు పుట్టి యుద్ధము వచ్చెననియు, పాలేటి యొడ్డున జరిగిన ఆ పోరున ఖడ్గతిక్కన మరణించెననియు కథ. రాజుపక్షమువారు చెప్పుకొను చాటుకథలో ఖడ్గతిక్కనయే నాయకుడు: ఒకసారి పోరు విడిచి యింటికి రాగా, భార్య స్నానమునకు మంచము చాటు పెట్టి పసుపు ముద్ద యుంచెననియు, తల్లి విరిగిన పాలు వడ్డించెననియు, ఆ యవమానమునకు ఓర్వలేక మరల యుద్ధభూమికి పోయి వీరమరణము పొందెననియు నేటికిని చెప్పుదురు. గొల్లల కొమ్ములవారు పాడు కాటమరాజు కథలలోనో, అదే యుద్ధము తారుమారుగా వినబడును. అచట నెల్లూరు రాజు మేతకు పన్నడుగు ప్రభువు. కాటమరాజు తన పశువులను, తన జనమును కాపాడుకొను వీరుడు. కొమ్ము ఊదుచు, బొమ్మల పటము విప్పుచు తరతరములుగా పాడిన ఆ గాథలను తంగిరాల వెంకట సుబ్బారావుగారు సేకరించి పరిష్కరింపగా, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది.

ఒకే నేలపై, ఒకే కాలపు సంఘటన గూర్చి, కొలువులో పుట్టిన సాహిత్యమొకటి, మందలో పుట్టిన సాహిత్యమొకటి. రెండింటికిని నమ్మికగల శ్రోతలు. తిక్కన భారతము నింతగా ప్రేమించు నాబోటివాడు సయితము, ఆ రాజు పేరు విన్నప్పుడు గొల్లవారి బిడ్డకు కలుగు భావము తనకు కలుగు భావము కాదని తెలిసికొనవలసియున్నది. కవుల చరిత్రలో మనుమసిద్ధి కృతిపతి మాత్రమే. శ్రోతల చరిత్రలో ఆయనకు రెండు ముఖములు.

అచ్చు యంత్రము వచ్చిన పిమ్మట చెవి నుండి కంటికి మారు మార్పు మెల్లమెల్లగా మొదలైనది. ఆ మార్పులో నెల్లూరు సీమ వారి పాలు గొప్పది. 1854లో నెల్లూరు సీమవారైన వావిళ్ళ రామస్వామి శాస్త్రులవారు చెన్నపట్టణమున స్థాపించిన ముద్రణాలయము, తరువాత వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ అను పేర, భారత భాగవతాదులను, ప్రబంధములను, శతకములను అచ్చొత్తించి తెలుగిండ్లకు చేర్చినది. పుస్తకము చేతికి వచ్చినవాడు ఒంటరిగా చదువును. ఒంటరిగా చదువువాడేమి తలచునో పక్కవానికి తెలియదు. ప్రభుత్వములకు పుస్తకములయెడ భయము పుట్టుటకు ఇదియొక కారణము. తంజావూరు ఆస్థానమున 18వ శతాబ్దమున ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపగా 1910లో వావిళ్ళవారు ప్రకటించిరి. అది అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా నుండిన కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఒక స్త్రీ వ్రాసి, మరియొక స్త్రీ అచ్చునకు సిద్ధపరచిన పద్యములను చదువువారు చెడిపోవుదురని తలచిన యధికారులు, తమకు తెలియకుండగనే పద్యమునకు గల శక్తిని ఒప్పుకొనినట్లయినది.

చదువురాని శ్రోతను నూతన సాహిత్యము మరచిపోవునేమో యను భయమును నెల్లూరు నాటకరంగము కొంత తీర్చినది. వేదము వేంకటరాయశాస్త్రిగారు నెల్లూరున ఆంధ్ర భాషాభిమాని సమాజమును 1899లో నెలకొల్పి, నటులకు తామే తర్ఫీదునిచ్చి, తమ ప్రతాపరుద్రీయమును, ఇతర నాటకములను ఆడించిరి. వచనము గ్రాంథికమున నుండవలెనని గట్టిగా వాదించిన ఆ శాస్త్రిగారే రంగస్థలముపై మాత్రము పాత్రకు తగిన భాష నిచ్చిరి; రాజు పోలికతో పుట్టిన చాకలి పేరిగాడు సింహాసనముపై కూర్చున్నను తన వాడభాషయే మాటలాడును. పండితులు దీనిని ఆక్షేపించిరి, ప్రేక్షకులు ఆదరించిరి. తిక్కన పద్యమున చేసినది వేదమువారు రంగస్థలమున చేసిరని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ వెనుక తరమున, నెల్లూరు జిల్లా రైతు కుటుంబమున 1895లో జన్మించిన దువ్వూరి రామిరెడ్డిగారు కృషీవలుని కావ్యనాయకుని జేసిరి, ఉమర్ ఖయ్యామును పానశాలగా తెలుగున ప్రవేశపెట్టిరి. వేంకటగిరి జమీందారీ రైతుల పక్షమున పుట్టిన జమీన్ రైతు వారపత్రిక పల్లెలలో ఒకరు చదువ పదిమంది వినునట్టి రాజకీయ పఠనమును అలవాటు చేసినది. వీని గూర్చి వేరుగా వ్రాయదగినంత విషయము కలదు; ఇచట పేర్కొనుటతో సరిపుచ్చి ముఖ్య విషయమునకు వచ్చెదను.

స్వాతంత్ర్యము వచ్చి నలువదియేండ్లు దాటినను నెల్లూరు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, అక్షరము రానివారే అధికము. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషను ఏర్పడిన తరువాత జిల్లా జిల్లాకును సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమములు మొదలైనవి; నెల్లూరు జిల్లాలో అక్షరదీపము పేర 1991లో ఆ పని సాగినది. కళాజాతాలు ఊరూర తిరిగి పాటలు పాడి, వీథినాటికలు ఆడి జనమును కూడదీసినవి. పగలెల్ల కూలిపని చేసి, వండి వార్చి, పిల్లలను పరుండబెట్టిన స్త్రీలు రాత్రి వేళ లాంతరు వెలుగున పలకలు పట్టిరి. వారికై వ్రాయించిన వాచకములలో ‘సీతమ్మ కథ’ యను పాఠమొకటి కలదు. భర్త త్రాగుడు వలన కూలిపోయిన యొక సంసారపు కథ. అలంకారము లేదు, వర్ణన లేదు, కథానాయిక కన్నీళ్ళకు కవి తోడు లేదు. కాని ఆ గుంపులో సీతమ్మ కాని స్త్రీ యెవరు?

ఆ దినములలో సారా ప్రభుత్వమునకు పెద్ద ఆదాయము. సారాను పొట్లములలో నింపి సరఫరా చేయు వారుణి వాహిని పథకము మూలమున అది మారుమూల పల్లెకును, ఇంటి గడపకును చేరినది. నీళ్ళు రాని ఊరికి సారా వచ్చుచున్నదని స్త్రీలు వాపోయిరి. కూలి డబ్బు చేతబడిన సాయంకాలమే అంగడి పాలగుచుండెను. రాత్రి తిట్లు, దెబ్బలు. ఉదయము పొయ్యిమీదికి గింజ లేదు. ఇట్టి స్థితిలో ప్రభుత్వము ఒక చేత పలకను, వేరొక చేత సారా పొట్లమును ఆ యింటికే పంపినది. చదువునిచ్చినవారు చదివినవారేమి చేయుదురో ఊహింపలేదు.

కలిగిరి మండలములోని దూబగుంటయందు రాత్రి బడిలో కూర్చున్న స్త్రీలు పాఠమును చర్చింప మొదలిడి, తమ కష్టము తమ నొసటి వ్రాత కాదనియు, దానికొక అంగడియు, ఒక గుత్తేదారుడును కలరనియు గుర్తించిరి. వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు గుంపుగా కదలి, ఊరికి వచ్చు సరకును అడ్డగించి, సారా యంగడిని మూయించిరి. తరువాత జరిగినది సాహిత్య చరిత్రకారులు ఆగి చూడవలసిన సంగతి. దూబగుంట స్త్రీలు చేసిన పని స్వయముగా ఒక పాఠమైనది. ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పేర అది వాచకమున చేరి, జిల్లాలోని ఇతర గ్రామముల రాత్రి బడులకు చేరినది. పాఠము చదివి స్త్రీలు పని చేసిరి. ఆ పని పాఠమై, దానిని చదివిన వేరు స్త్రీలు తమ ఊళ్ళలో అంగళ్ళు మూయించిరి. పఠనమునకును జీవితమునకును నడుమ ఇంత తక్కువ దూరమున్న ఘట్టము తెలుగు వాఙ్మయమున మరియొకటి గలదని నేనెరుగను.

ఇచట నాకొక పూర్వస్మృతి కలుగుచున్నది. 15వ శతాబ్దమున ఉదయగిరి నేలిన బసవరాజునకు పంచతంత్రమును తెలుగు చేసి అంకితమిచ్చిన నారాయణ కవి యింటిపేరు దూబగుంట. పంచతంత్రము కథలచే నీతి నేర్పు గ్రంథము, నేర్చుకొనువారు రాజకుమారులు. ఐదువందల యేండ్ల తరువాత అదే పేరుగల ఊరిలో కథచే నీతి నేర్చుకొన్నవారు కూలి స్త్రీలు. రాజకుమారులకు విష్ణుశర్మ దొరికెను. వీరికి దొరికినది వాచకములో రెండు పుటల పాఠము, దానిని కలిసి చదివి చర్చించుకొనుటకు ఒక రాత్రి బడి.

1992లో ఉద్యమము జిల్లా దాటి పాకినది. సారా వేలముపాటలు జరుగు కలెక్టరాఫీసు ముంగిట స్త్రీలు బైఠాయించుటచే పాటలు పలుమార్లు వాయిదాపడినవి. చీపురు కట్టలు, కారప్పొడి వారి యాయుధములు. ఈనాడు పత్రిక దినదినము ఆ వార్తలకు పుటలు కేటాయించినది. వావిలాల గోపాలకృష్ణయ్యగారి వంటి వృద్ధ గాంధేయులు వెంట నిలిచిరి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1994 డిసెంబరులో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావుగారు తొలుదొల్త మద్యనిషేధ పత్రముపై సంతకము చేయగా, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చినది.

ఇట్టి ఫలితము ఒక పాఠము వలననే కలిగెనని చెప్పువాడు కథను కుదించుచున్నాడు. కరవు, కూలి, కుటుంబ హింస, మహిళా సంఘముల కృషి, పత్రికల తోడ్పాటు, ప్రతిపక్షముల రాజకీయము అన్నియు నందు కలవు. అయినను అవి యన్నియు అంతకుముందును కొంతకొంత యున్నవే. ఒక్కొక్క యింట ఒక్కొక్కరు మౌనముగా మోయుచుండిన బాధ పదిమందికి ఒకేసారి అక్షర రూపమున కనబడుట మాత్రము క్రొత్త. బ్రెజిల్ దేశమున పావులో ఫ్రేరీ యను విద్యావేత్త 1963లో ఆంజికోస్ పట్టణమున మున్నూరు మంది శ్రామికులకు వారి బ్రతుకునందలి మాటలతోనే చదువు నేర్పగా, మరుసటి యేడు సైనిక ప్రభుత్వము ఆయనను చెరబెట్టి, పిమ్మట దేశమునుండి వెడలజేసినది. చదువనగా గుణింతము మాత్రమే కాదనియు, తన లోకమును తాను చదువుకొనుటయనియు ఆయన బోధించెను. దూబగుంట స్త్రీలు ఆయన పేరు వినియుండరు. ఆయన చెప్పినది మాత్రము చేసిచూపిరి.

సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. ఆ పోరు వృథా యైనదని నిట్టూర్చువారు కలరు. నేనట్లు తలపను. సారాకు పోవుచుండిన కూలి డబ్బులో దినమునకొక రూపాయి మిగిల్చి కూడబెట్టుకొనుటకు నెల్లూరు జిల్లా స్త్రీలు పొదుపులక్ష్మి సంఘములు పెట్టుకొనిరి. ఆ వెనుక రాష్ట్రమంతట వ్యాపించిన డ్వాక్రా పొదుపు సంఘములకు అవి మార్గము చూపినవి. రాత్రి బడిలో నేర్చిన అక్షరము ఆ సంఘముల లెక్క పుస్తకమున సంతకమై నిలిచినది. ఒక్క చట్టము పోయినను చదివినవారికి అలవడిన పని పోలేదు.

తిక్కన పద్యము గొప్పదా, పేరు లేని వాచక రచయిత గద్యము గొప్పదా యను తగవు నాకక్కరలేదు; పద్యమునందు తిక్కనకు సాటి తిక్కనయే. నేను కోరునది వేరు. మన సాహిత్య చరిత్రలలో తిక్కన గూర్చి అధ్యాయము లున్నవి, అది యుచితము. కాటమరాజు కథకు కొన్ని పుటలు దక్కినవి. సీతమ్మ కథకు ఒక్క పేరాయైన దక్కిన చరిత్ర నాకింతవరకు కనబడలేదు. అక్షరాస్యతా ఉద్యమము పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల వయసు వారికై యేర్పడినది. 1991లో పలక పట్టిన ఆ స్త్రీలకు నేడు ఏబదియేండ్లకు తక్కువ వయసు లేదు, పలువురు డెబ్బది సమీపించిరి. ఏ పాఠము నెవరు గట్టిగా చదివిరి, ఏ వాక్యము వద్ద ఆగి మాటలాడుకొనిరి, ఏ మాట వారిని లేపి నిలబెట్టెను అను సంగతి వారి నోటనే తెలియవలెను. నెల్లూరునకు తిక్కన కాలమున గల పేరుతోనే 2008లో విక్రమసింహపురి విశ్వవిద్యాలయము వెలసినది. అచటి తెలుగు విద్యార్థులు కలిగిరి, కావలి, ఉదయగిరి మండలముల పల్లెలకు పోయి, ఆ వాచకముల ప్రతులను, ఆ స్త్రీల జ్ఞాపకములను సేకరించి గ్రంథముగా కూర్చినచో, కవుల చరిత్ర పక్కన చదువరుల చరిత్రకు మొదటి సంపుటము సిద్ధమగును. ఈ పనికి ఇంకను ఆలస్యము చేయు వ్యవధి లేదు.